వదిలేసిన పెద్ద జాతి కుక్కకి కొన్నాళ్లు మీ ఇంట్లో చోటివ్వాలంటే: విజయవాడలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

మేం కొద్దిమందిమి. విజయవాడలో, చుట్టుపక్కల ఊళ్లలో యజమానులు వదిలేసిన పెద్ద జాతి కుక్కల్ని తెచ్చి, వైద్యం చేయించి, కోలుకునేదాకా ఎవరో ఒకరి ఇంట్లో ఉంచుతాం. ఆ తర్వాత శాశ్వతంగా పెంచుకునే కుటుంబాన్ని వెతికి అప్పగిస్తాం. మధ్యలో అలా కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకోవడాన్నే ఫోస్టర్ చేయడం అంటున్నాం. ఫోన్ చేసేవాళ్లు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఫోన్లో హడావుడిగా చెబితే సగం మర్చిపోతాం, అందుకే కుదురుగా రాసి పెడుతున్నాం. ఓపిగ్గా చదివి, ఇంట్లోవాళ్లతో కూడా చదివించి, అప్పుడు ఫోన్ చేయండి.

డబ్బు పెట్టి కొనుక్కున్న కుక్కని రోడ్డు మీద ఎందుకు వదిలేస్తారండీ?

రెండు చేతుల్లో పట్టే లాబ్రడార్ పిల్ల ఏడాది తిరిగేసరికి 30 కిలోలవుతుంది. అప్పటికి దానికి నడక నేర్పకపోతే మనిషిని ఈడ్చుకుపోతుంది. దాంతో మేడ మీదో, మెట్ల కిందో కట్టేస్తారు. కట్టేసిన కుక్క మొరుగుతుంది, పక్కింటివాళ్లు గొడవ పెడతారు. ఈలోగా ఉద్యోగం హైదరాబాదుకో బెంగళూరుకో మారుతుంది. మరికొన్ని ఇళ్లలో గోమార్ల జ్వరం వచ్చి, డాక్టరు రక్తపరీక్షలు రాసిన రోజున కుక్కని కారెక్కిస్తారు. కుక్కపిల్లల్ని అమ్ముకోవడం కోసమే పెంచే చోట్ల, ఇక ఈనలేని ఆడకుక్కల్ని వదిలించుకోవడం మేం మళ్లీ మళ్లీ చూస్తున్నాం. రొమ్ములు వేలాడుతూ, గోళ్లు వంకర తిరిగి, గడ్డి మీద నడవడం కూడా రాని కుక్కలవి.

వీధిలో పుట్టిన కుక్కకి వీధి తెలుసు. ఏ టీకొట్టు దగ్గర బిస్కెట్టు పడుతుందో, ఏ సందులోకి వెళ్తే వేరే కుక్కలు కరుస్తాయో దానికి తెలుసు. ఇంట్లో పెరిగిన జర్మన్ షెపర్డ్‌కి ఇవేవీ తెలియవు. రైవస్ కాలువ గట్టున వదిలేస్తే, వదిలిన చోటే రెండు మూడు రోజులు నిలబడి, వెళ్లే ప్రతి కారు వైపూ చూస్తుంది.

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లోనే వచ్చింది. పెంపుడు జంతువుని తిండికీ నీళ్లకీ అలమటించేలా వదిలేయడం దాని 11వ సెక్షన్ కింద నేరం. కానీ మొదటిసారి జరిమానా 50 రూపాయలకు మించదు. ఆ అంకె మారాలని గట్టిగా కోరుకునేవాళ్లలో మేమూ ఉన్నాం.

ఎన్నాళ్లు ఉంచుకోవాలి? చివరికి మాకే అంటగట్టరు కదా?

అంటగట్టం. మామూలుగా ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది. గోమార్ల జ్వరానికి మందే నాలుగు వారాలు వాడాలి. గజ్జి తగ్గి వెంట్రుక రావడానికి రెండు మూడు నెలలు. వయసు మీద పడ్డవాటికి, భయం ఎక్కువున్నవాటికి ఇల్లు దొరకడం ఇంకా ఆలస్యం కావచ్చు, ఆ మాట ముందే చెప్పి ఇస్తాం. మధ్యలో మీకు ఊరెళ్లాల్సి వచ్చినా, ఒంట్లో బాగోకపోయినా నాలుగైదు రోజుల ముందు చెప్తే వేరే ఇంటికి మారుస్తాం. చెప్పకుండా వాచ్‌మన్‌కి అప్పజెప్పి వెళ్లొద్దు. ఒకసారి అలా జరిగి కుక్క తప్పిపోయింది, దొరకడానికి పదకొండు రోజులు పట్టింది.

మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. పెద్ద కుక్క ఎలా పడుతుంది?

ఒళ్లు పెద్దదైనంత మాత్రాన ఇల్లు పెద్దదై ఉండాలని లేదు. గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్ లాంటివి రోజులో ఎక్కువ భాగం పడుకునే ఉంటాయి. హస్కీ ఒళ్లు వాటిలో సగం కూడా ఉండదు, కానీ ఇల్లు పీకి పందిరేస్తుంది. మేం చూసేది ఇంటి వైశాల్యం కాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కిందికి తీసుకెళ్లే మనిషి ఉన్నారా, పగలంతా ఇల్లు తాళం వేసి ఉంటుందా అన్నదే చూస్తాం.

ఫ్లాట్లలో అసలు ఇబ్బంది టైల్స్. బక్కచిక్కిన పెద్ద కుక్క నున్నటి నేల మీద లేవలేదు, వెనక కాళ్లు జారిపోతాయి. తుంటి కీలు బాగోని లాబ్రడార్లు, షెపర్డ్‌లు అలా జారితే నొప్పి ఇంకా పెరుగుతుంది. పాత యోగా మ్యాట్లు, గోనెపట్టాలు, రబ్బరు డోర్‌మ్యాట్లు పడుకునే చోటు నుంచి తలుపు దాకా దారిలా పరవండి. పడుకోవడానికి మందపాటి బొంత తప్పనిసరి. గట్టి నేల మీద పడుకుని పడుకుని ముందుకాళ్ల మోచేతుల దగ్గర కాయలు కాస్తాయి, నీరు చేరి నిమ్మకాయంత ఉబ్బుతుంది. దాన్ని సూదితో గుచ్చొద్దు, చీము పడుతుంది. మెత్తటి పడక వేస్తే చాలావాటికి మెల్లగా తగ్గుతుంది.

అసోసియేషన్ సంగతి. కుక్కని పెంచుకోకూడదని అసోసియేషన్లు నిషేధం పెట్టడం చెల్లదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా కాగితం పట్టుకుని పోట్లాటకి దిగకండి. కుక్క రాకముందే సెక్రటరీగారిని కలిసి ఎన్నాళ్లుంటుందో, లిఫ్టులో తాడు పొట్టిగా పట్టుకుంటామని, మెట్ల మీద తడిపితే మేమే కడుగుతామని చెప్పండి. ముందు చెప్పిన చోట ఒప్పుకోవడమే ఎక్కువ చూశాం.

అత్తయ్యగారికి మడి, పూజగది ఉన్నాయి. ఆవిడ ఇబ్బంది పడతారేమో?

ఆవిడ ఒప్పుకోకపోతే వద్దండి. ఇంట్లో ఒక్క మనిషికి ఇష్టం లేకపోయినా కుక్కకి తెలిసిపోతుంది, ఆ మనిషికీ మనశ్శాంతి ఉండదు. సగం ఒప్పుకున్నా దారులున్నాయి. పూజగదికి, వంటింటికి చిన్నపిల్లలకి పెట్టే అడ్డగేటు సరిపోతుంది. సత్యనారాయణపురంలో ఒక ఇంట్లో మామ్మగారు మొదటి రోజే గుమ్మం దగ్గర సుద్దముక్కతో గీత గీశారు. ఆ రాట్‌వీలర్ ఉన్న రెండు నెలలూ గీత ఇవతలే పడుకుని, ఆవిడ సహస్రనామం చదువుతుంటే వినేది.

మొదటి రోజు ఏం చేయాలి?

ఏమీ చేయకపోవడమే చేయాల్సిన పని. స్నానం వద్దు, చుట్టాలకి చూపించడం వద్దు, ఫొటోలు వద్దు, ఒళ్లో పెట్టుకోవడం వద్దు. ఒక మూల, నీళ్లు, పడక, ఒకటి రెండుసార్లు బయటికి తీసుకెళ్లడం. అంతే.

మా ఇంటికి ఒక గ్రేట్ డేన్ వచ్చాడు. పోరంకి దాటాక ఖాళీ ప్లాటులో గొలుసుతో దొరికాడు. 55 కిలోలకు తగ్గకుండా ఉండాల్సినవాడు 34 కిలోలు తూగాడు. భీముడు అని పేరు పెట్టాం. హాల్లో స్టీలు గిన్నెతో నీళ్లు పెడితే, గిన్నె నేలకి రాసుకుని కీచుమన్న చప్పుడుకి గోడకి అతుక్కుపోయాడు. ఇక ఆ రోజు ఆ గిన్నె వైపే రాలేదు. రాత్రి బాత్రూం తలుపు తీసి ఉంటే లోపలికెళ్లి బకెట్లో తల పెట్టి సగం నీళ్లు తాగేశాడు. మర్నాడు గిన్నె కింద తడి గోనెపట్టా వేశాం. చప్పుడు పోయింది, తాగడం మొదలుపెట్టాడు.

నాలుగు రోజులు తల వాల్చలేదు. ముందుకాళ్లు చాచి, మెడ నిలబెట్టి, కళ్లు సగం మూసి కునుకు తీసేవాడు. గడియ కదిలితే లేచి నిలబడేవాడు. ఐదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగాక ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే అనుమానమొచ్చి వెళ్లి చూశాను. పక్కకి ఒరిగి, నాలుగు కాళ్లూ బారచాపి పడి ఉన్నాడు. ఊపిరి ఆడుతోందా లేదా అని వంగి చూస్తే గురక పెడుతున్నాడు. అప్పటిదాకా నేను వాడి తల మీద చెయ్యి వేయలేదు.

మూడు రోజులు బెదురు, మూడు వారాలకి ఇంటి పద్ధతి అలవాటు, మూడు నెలలకి అసలు స్వభావం అని రెస్క్యూ చేసేవాళ్లు లెక్క చెబుతారు. కొంచెం అటూ ఇటూగా అది నిజమే. మొదటి వారంలో బుద్ధిమంతుడిలా కదలకుండా ఉన్నాడంటే మంచివాడని కాదు, హడలిపోయి ఉన్నాడని. కోలుకున్నాక చెప్పులు కొరకడం, మొరగడం మొదలవుతాయి. ‘వచ్చినప్పుడు బాగానే ఉంది, ఇప్పుడు పాడైంది’ అని అప్పుడు ఫోన్లొస్తాయి. పాడవలేదండి, బాగవుతోంది.

పారిపోయేది కూడా ఎక్కువగా మొదటి వారంలోనే. బెదిరిన కుక్క వెనక్కి లాగితే మామూలు బెల్టులోంచి తల జారిపోతుంది. మెడకి బెల్టు, ఒంటికి హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ), రెండింటికీ విడివిడిగా తాళ్లు. గేటుకి గడియ వేశాకే ఇంటి తలుపు తీయాలి. ఇందులో మాత్రం మేం రాజీపడం.

ఎముకలు తేలిపోయాయి, పాపం. కడుపునిండా పెట్టొచ్చా?

వద్దు. మంచి మనసుతో చేసే తప్పుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే.

చాలా రోజులు తిండి లేని ఒళ్లు కొవ్వునీ కండనీ కరిగించుకుంటూ బతుకుతుంది. ఒక్కసారిగా పళ్లెం నిండా అన్నం పెడితే రక్తంలో చక్కెర, దాంతోపాటే ఇన్సులిన్ పెరుగుతాయి. రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం ఉన్నపళంగా కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పుతుంది, కండరాలు పనిచేయవు. ఆకలితో చావని కుక్క తిన్నాక రెండు మూడు రోజుల్లో చనిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది. అందుకే మొదటి రోజు కావలసిన దాంట్లో నాలుగో వంతే పెడతాం, అదీ ఐదారు సార్లుగా. తర్వాత మెల్లగా పెంచుకుంటూ వారం, పది రోజులకి పూర్తి తిండికి వస్తాం. 30 కిలోలున్న కుక్కకి విశ్రాంతిలో రోజుకు సుమారు 900 కేలరీలు కావాలి. లెక్క ఉండాల్సిన బరువు మీద కాదు, ఇవాళ్టి బరువు మీద వేస్తాం. అన్నం తగ్గించి ఉడికించిన కోడిగుడ్డు, ఎముక తీసిన కోడిమాంసం, కోలుకునే కుక్కలకి ప్రత్యేకంగా వచ్చే తిండి వాడతాం. రోజువారీ కొలత డాక్టరుగారు రాసిస్తారు, మీరు ఆ చీటీ ఫ్రిజ్ మీద అంటించుకోండి.

ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ ఎంత కొంచెమైనా పెట్టొద్దు. మన ఇళ్లలో మిగిలిన కూర అంటే ఉల్లి, వెల్లుల్లి, కారం మూడూ ఉన్నట్టే, కాబట్టి కూరన్నం వద్దు. ఉడికిన కోడి ఎముకలు సూదుల్లా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఛాతీ లోతుగా ఉండే డేన్, షెపర్డ్, డాబర్‌మన్ లాంటివాటికి ఇంకో గండం ఉంది. కడుపు గాలితో ఉబ్బి మెలితిరిగిపోతుంది. వాంతికి ప్రయత్నిస్తుంది కానీ ఏమీ రాదు, పొట్ట డప్పులా బిగుస్తుంది, నిలవలేక అటూ ఇటూ తిరుగుతుంది, చొంగ కారుతుంది. ఇది చూసిన నిమిషమే బయల్దేరాలి. సోడా, వాము నీళ్లు, తెల్లారాక చూద్దాం అనుకోవడం పనికిరావు, ఆపరేషన్ ఒక్కటే దారి. రాకుండా ఉండాలంటే రోజూ తిండిని రెండు మూడు పూటలుగా పెట్టండి, తిన్నాక గంటన్నర పరుగులు పెట్టించొద్దు.

మేం శాకాహారులం.

ఫర్వాలేదు. సంచిలో వచ్చే డ్రై ఫుడ్ పెట్టండి, దాన్ని మేమే ఇస్తాం. పైన కొంచెం పెరుగు వేయొచ్చు. గుడ్డు కూడా వంటింట్లోకి రానివ్వని ఇల్లయితే, మరీ బక్కచిక్కిన కుక్కని కాకుండా కొంత కోలుకున్నదాన్ని పంపిస్తాం.

ఒళ్లంతా గోమార్లు, గజ్జి. పిల్లలకి అంటుకోదా?

మన కోస్తా వాతావరణంలో గోమార్లకి చలికాలం సెలవు కూడా ఉండదు. కుక్కలకి పట్టే గోధుమరంగు గోమారు ఇంట్లోనే కాపురం పెడుతుంది. కడుపు నిండిన ఆడది కుక్క మీంచి దిగి గోడ పగుళ్లలో, తలుపు చట్రం వెనక వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కుక్క మీద ఏరిపారేస్తే పని అయిపోదు. అందుకే కుక్కని మీ ఇంటికి పంపే ముందే డాక్టరుగారు బరువు చూసి గోమార్ల మాత్ర వేస్తారు. ఒకటి రెండు రోజుల్లో ఉన్నవి రాలిపోతాయి. మాత్రని బట్టి నెల నుంచి మూడు నెలల దాకా కొత్తవి పట్టినా బతకవు. పడక గుడ్డల్ని మరిగే నీళ్లలో వేసి ఎండలో ఆరేయండి. గోడల మూలలు వాక్యూమ్ చేయండి.

చేత్తో తీయాల్సి వస్తే నలపొద్దు. చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టి నిటారుగా లాగి, ఉప్పు నీళ్లలోనో స్పిరిట్లోనో వేయండి.

పత్తికీ మిరపకీ కొట్టే పురుగుమందు నీళ్లలో కలిపి కుక్క ఒంటికి పూసే అలవాటు మన గుంటూరు, కృష్ణా పల్లెల్లో ఇంకా ఉంది. దయచేసి ఆ పని చేయకండి. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, చర్మంలోంచి కూడా విషం ఎక్కుతుంది. వణుకుతూ, నురగలు కక్కుతూ గంటల్లో పోతుంది. గజ్జికి కిరసనాయిలు, బండ్లలోంచి తీసిన పాత ఇంజనాయిలు పూయడం కూడా అంతే. కాలిన చర్మంతో వచ్చిన కుక్కని తాకడానికి కూడా మాకు చోటు ఉండదు.

గోమార్లతో వచ్చే అసలు ముప్పు జ్వరం. ఎర్లీషియా, బబీసియా అనే క్రిములు రక్తంలో చేరతాయి. తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, పొట్ట కింద ఎర్రటి చుక్కలు, కాఫీ రంగు మూత్రం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే చూపించాలి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్స్ పడిపోయి ఉంటాయి. ఎర్లీషియాకి డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడతారు. వారానికే లేచి తిరుగుతుంది కదా అని ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది. ఈ మాత్ర ఖాళీ కడుపున వేయొద్దు, వేశాక నీళ్లు తాగించండి, గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది. బబీసియాకి మందు వేరు, కాబట్టి పక్కింటి కుక్క చీటీ మన కుక్కకి పనికిరాదు.

ఇక అంటుకోవడం. గజ్జి రెండు రకాలు. డెమోడెక్స్ మనుషులకి రాదు. సార్కాప్టిక్ రకం మనుషులకి కొన్నాళ్లు దురద, దద్దుర్లు తెప్పిస్తుంది, కుక్కకి నయమైతే అదీ పోతుంది. ఈ రెండో రకం ఉన్నంతకాలం కుక్కని పిల్లలున్న ఇంటికి పంపం. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ చవకే, కానీ కోలీ జాతులకీ, కొన్ని జర్మన్ షెపర్డ్‌లకీ అది పడదు. పైగా దోమల ద్వారా గుండెలో పురుగులు చేరిన కుక్కకి అది ప్రమాదం. ముందు పరీక్ష, తర్వాతే మందు.

జ్వరంగా ఉందని మనుషుల మాత్రలు వేయకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపుని, కిడ్నీలని దెబ్బతీస్తాయి.

మన ఎండలకి ఇవి తట్టుకుంటాయా?

హస్కీనీ సెయింట్ బెర్నార్డ్‌నీ విజయవాడకి తెచ్చి అమ్మకూడదన్నది మా గట్టి అభిప్రాయం. కానీ వచ్చేశాయి, వదిలేశారు కూడా. ఉన్నవాటిని కాపాడుకోవాలి.

కుక్క ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా నాలుక బయటపెట్టి రొప్పడం వల్ల. మనకి ఎండతోపాటు ఉక్క కూడా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే రొప్పినా నాలుక మీది తడి ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే రోహిణి కార్తెలో నడక ఉదయం ఆరు లోపు, రాత్రి ఎనిమిది తర్వాతే. అరచేతి వెనక భాగం తారురోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి, మీకు కాలితే దాని పాదాలూ కాలతాయి. బందరు రోడ్డు రాత్రి ఏడింటికి కూడా సెగలు కక్కే రోజులుంటాయి.

మేడ మీద రేకుల షెడ్డు కింద కట్టేస్తామంటే కుక్కని ఇవ్వం. ఇంటి లోపల, ఫ్యాను కింద, నేల చల్లగా ఉన్న చోట ఉండాలి. హస్కీకి ఏసీ గది ఉన్న ఇల్లే చూస్తాం. బొచ్చు గొరిగించేస్తే చల్లగా ఉంటుందనుకుంటారు. రెండు పొరల బొచ్చున్న జాతులకి అది ఎండకి అడ్డం కూడా. గొరిగితే చర్మం మాడుతుంది, బొచ్చు మళ్లీ సరిగ్గా రాకపోవచ్చు. దువ్వి, రాలిన లోపలి బొచ్చు తీసేస్తే చాలు.

కుక్కకి మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ డిగ్రీలు. కదలకుండా ఉండగా 104 దాటిందంటే జాగ్రత్త పడాలి, 106 అంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. తూలడం, చిక్కటి చొంగ, ఎర్రబారిన చిగుళ్లు, వాంతి కనిపిస్తే ముందు ఒళ్లంతా కుళాయి నీళ్లు పోయండి, ఫ్యాను పెట్టండి, పోస్తూనే బండి సిద్ధం చేసుకోండి. తడి తువాలు కప్పి వదిలేయొద్దు, అది లోపలి వేడిని బయటికి పోనివ్వదు. వేడి 103.5కి దిగాక నీళ్లు పోయడం ఆపండి. లేచి నడిచినా సరే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే, లోపల కిడ్నీలు దెబ్బతిన్న సంగతి మర్నాటికి గానీ తెలియదు.

వానాకాలం సంగతి?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు నిలవ నీళ్లలో రోజుల తరబడి నిలబడ్డ కుక్కల్ని చూశాం. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది మనుషులకీ వస్తుంది. దానికి కుక్కలకి టీకా ఉంది, ఏటా వేయించాలి. కళ్లు, చిగుళ్లు పచ్చబడితే మూత్రాన్ని చేతి తొడుగుల్లేకుండా తాకొద్దు.

కరిస్తే?

ముందు మీకు టీకాలు. ఫోస్టర్ చేసే ఇంట్లో కుక్కని పట్టుకునే ప్రతి ఒక్కరూ రేబిస్ ముందస్తు టీకాలు వేయించుకోవాలని అడుగుతాం. 0, 7, 21 లేదా 28వ రోజున, మొత్తం మూడు. తర్వాత ఎప్పుడైనా కరిస్తే రెండు డోసులు, 0, 3 రోజుల్లో సరిపోతాయి, ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. ముందు వేయించుకోనివాళ్లకి కరిస్తే కండరంలో వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు డోసులు, గాయాన్ని బట్టి ఇమ్యునోగ్లోబులిన్ కూడా. ఏదైనా సరే, మొదటి పని కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. ప్రభుత్వాసుపత్రిలో టీకా ఉచితం. కరిచిన కుక్కని పది రోజులు గమనిస్తాం. ఆ పది రోజుల్లో దాన్ని తిడుతూ బయట కట్టేయకుండా మాకు ఫోన్ చేయండి.

గుర్రుమంటే కొట్టకండి, అరవకండి. గుర్రుమనడమంటే ‘కొంచెం దూరం జరుగు’ అని అడగడం. అడిగినందుకు కొడితే ఈసారి అడక్కుండా కరుస్తుంది. అంతకుముందే చెప్పే గుర్తులున్నాయి: ముఖం పక్కకి తిప్పుకోవడం, పెదవులు నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూడటం, ఒళ్లు కొయ్యబారడం. తింటున్నప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టి ‘మచ్చిక’ చేయాలనుకోవద్దు. దూరం నుంచి ఇంకో మంచి ముక్క విసిరి వచ్చేయండి. మీరు దగ్గరికొస్తే తిండి పోదు, ఇంకా వస్తుంది అని దానికి తెలియాలి. అంతే మందు.

రాట్‌వీలర్‌ని నిషేధించారట కదా?

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ, రాట్‌వీలర్, పిట్‌బుల్ వగైరా 23 రకాలకి లైసెన్సులు ఇవ్వొద్దని రాష్ట్రాలకి లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖని కొట్టేసింది. ఆ గొడవలో భయపడి తమ కుక్కల్ని వదిలేసినవాళ్లున్నారు. మా దగ్గర ఉన్న రాట్‌వీలర్లని అనుభవం ఉన్న ఇళ్లకే పంపుతాం, బయట మూతికి మజిల్ (కరవకుండా వేసే తొడుగు) వేసే తిప్పుతాం. లైసెన్సు, రేబిస్ టీకా కాగితాలు కుక్కతోపాటే ఇస్తాం.

ఇంట్లో నాలుగేళ్ల బాబు ఉన్నాడు.

ఆరేళ్లు దాటేదాకా ఆగమంటాం. 40 కిలోల కుక్క ప్రేమగా తోక ఊపినా ఆ వయసు పిల్లవాడు పడతాడు. స్వభావం పూర్తిగా తెలిసిన ముసలి లాబ్రడార్ ఉంటే అప్పుడు మాట్లాడదాం, అదీ పెద్దవాళ్లు గదిలో లేకుండా ఇద్దర్నీ వదలం అని మాటిస్తేనే.

మా ఇంట్లో ఇప్పటికే ఒక కుక్క ఉంది. కలుస్తాయా?

మొదట పద్నాలుగు రోజులు కలపం. పార్వో, డిస్టెంపర్ లాంటి అంటుజబ్బులు బయటపడటానికి ఆ గడువు కావాలి. మీ కుక్క టీకాలన్నీ సక్రమంగా ఉండాలి. తర్వాత మొదటి పరిచయం ఇంట్లో కాదు, బయట, ఇద్దరు మనుషులు, రెండు తాళ్లు, ఒకే దిక్కుగా పక్కపక్కన నడక. గిన్నెలు ఎప్పటికీ వేర్వేరు గదుల్లో.

ఖర్చు ఎవరిది? ఏ డాక్టరు?

వైద్యం, టీకాలు, ఆపరేషన్, గోమార్ల మాత్రలు మావి. తిండి మీరు పెట్టుకోగలిగితే సంతోషం, లేకపోతే అదీ పంపుతాం. పెద్ద కుక్కకి ప్రతి మందూ బరువు లెక్కన ఎక్కువ పడుతుంది. పామరేనియన్‌కి అర మాత్ర పట్టే చోట వీటికి మూడు మాత్రలు. అందుకే మేం చూడగలిగే కుక్కల సంఖ్య తక్కువ. ఎక్స్‌రే, ఎముకల ఆపరేషన్ లాంటివి కావాల్సి వస్తే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్తాం. అక్కడ ఉదయమే వరసలో ఉండాలి. కారున్నవాళ్లు ఒక్కరు తోడొచ్చినా అది మాకు పెద్ద సాయం.

కుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ తప్పనిసరా?

తప్పనిసరి. ఆపరేషన్ కాని ఆడకుక్కలకి వయసు పెరిగేకొద్దీ గర్భసంచిలో చీము పట్టే జబ్బు రావచ్చు, అది ప్రాణాంతకం. అంతకంటే ముఖ్యం, మా చేతుల మీదుగా వెళ్లిన కుక్క మళ్లీ కుక్కపిల్లలమ్మేవాళ్ల బోనులో చేరకూడదు. పెద్ద జాతులకి ఎముకలు ఎదగాలి కాబట్టి 12 నుంచి 18 నెలల దాకా ఆగుతాం. ఆలోపే దత్తతకి వెళ్తే రాతపూర్వకంగా మాట తీసుకుంటాం.

దీపావళికి?

చీకటి పడకముందే నడిపించి, తలుపులు, కిటికీలు వేసి, ఫ్యాను, టీవీ పెట్టి, మంచం కింద దూరితే దూరనివ్వండి. భయంలో దగ్గరికొస్తే పొదువుకోండి, అలవాటు చెడుతుందని భయం వద్దు. ఆ రాత్రి ఇంట్లో ఒకరు ఉండాల్సిందే. మరీ వణికిపోయే కుక్కలకి వారం ముందే డాక్టరుగారిని అడిగి మందు తెచ్చి పెట్టుకుంటాం.

ఇచ్చేసేటప్పుడు ఏడుపొస్తుంది కదా, ఎలా?

వస్తుంది. భీముణ్ణి కంకిపాడు వైపు ఒక తోట ఉన్న కుటుంబానికి ఇచ్చిన రోజు నేను అన్నం తినలేదు. అయినా ఆ మూల ఖాళీ అయితేనే ఇంకో కుక్క అక్కడికి వస్తుంది. పది రోజులకే పైన చెప్పిన కుక్కపిల్లలమ్మేవాళ్ల ఆడకుక్కల్లో ఒకటి, ఒక గోల్డెన్ రిట్రీవర్, అదే గోనెపట్టా మీద పడుకుంది.

మీరే ఉంచేసుకోవాలనుకుంటే మీకే మొదటి హక్కు. కాకపోతే నిర్ణయం ఇంట్లో అందరూ కలిసి తీసుకోండి.

కొత్త ఇంటిని ఎలా ఎంచుతారు? అక్కడ కుదరకపోతే?

ఇంటికెళ్లి చూస్తాం, రెండుసార్లు కలుస్తాం. కాపలా కోసమే కావాలి, రాత్రంతా బయట కట్టేస్తాం అనేవాళ్లకి ఇవ్వం. అడ్రస్ అడిగితే చిరాకు పడేవాళ్లకి అసలే ఇవ్వం.

ఈ దశలో మీ సాయం చాలా ముఖ్యం. రోజూ రెండు లైన్లు నోటుపుస్తకంలో రాయమని మొదటి రోజే అడుగుతాం: ఏం తిన్నాడు, ఎన్నిసార్లు వెళ్లాడు, దేనికి బెదిరాడు, దేనికి తోక ఊపాడు. కొత్తవాళ్లకి ఆ పుస్తకం ఉన్నది ఉన్నట్టు ఇస్తాం. ‘హెల్మెట్ పెట్టుకున్న మనిషిని చూస్తే మీదికి ఉరుకుతాడు’ అని మీరు రాస్తే, దాన్ని దాచి ఇల్లు వెతకం. ఆ మాట దాచి మరో చోటి నుంచి ఇచ్చిన ఒక షెపర్డ్ మూడు ఇళ్లు మారి మా దగ్గరికి వచ్చింది. ప్రతి ఇంట్లోనూ కొరియర్ అబ్బాయినే కరిచింది.

పుస్తకంతోపాటు వాడి బెల్టు, సగం వాడిన తిండి సంచి, ఉతకని పాత దుప్పటి పంపండి. ఆ వాసన మొదటి రాత్రికి తోడుంటుంది. మొదటి నెల వారం వారం ఫోన్ చేస్తాం, మూడో నెలలో ఒకసారి వెళ్లి చూస్తాం. కుదరకపోతే కుక్క తిరిగి మా దగ్గరికే రావాలి, వేరేవాళ్లకి ఇవ్వకూడదని సంతకం పెట్టించుకుంటాం. అర్ధరాత్రయినా ఫోన్ ఎత్తుతాం. మేం వచ్చేదాకా గేటు గడియ వేసి ఉంచండి.